మూడు రోజుల ప్లానులో మన ఊరెక్కడ?

పోయిన కార్తీకంలో ఒక శనివారం పొద్దున్నే డుంబ్రిగుడ రోడ్డు మీద టీ బడ్డీ దగ్గర నిలబడి ఉన్నాను. కారొకటి ఆగింది. దిగిన కుర్రాడు మర్యాదస్తుడే. టీ కొట్టాయన నన్ను మాస్టారని పిలవడం విని, "మాస్టారూ, పసుపు పూల తోటలు ఎటువైపు బాగుంటాయి?" అని అడిగాడు. చేతిలో ఫోను, ఫోనులో మూడు రోజుల ప్లాను. సెలవులు కలిసొచ్చాయట. నాకూ చూపించాడు. మొదటి రోజు అద్దాల పెట్టెలో రైలు ప్రయాణం, బొర్రా గుహలు, రాత్రికి మంట చుట్టూ థింసా. రెండో రోజు తెల్లవారుజామున మాడగడ మేఘాలు, తర్వాత పూల తోటల్లో ఫొటోలు, మ్యూజియం, బొంగు చికెన్. మూడో రోజు చాపరాయి, కాఫీ తోట, తిరుగు ప్రయాణం. అందులో 'లోకల్ కల్చర్' అని ఒక గడి ఉంది. దానికి గంటన్నర కేటాయించాడు.

దారి చెప్పాను. థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. అతని మీద నాకు కోపం లేదు. పగలంతా కంప్యూటరు ముందు కూర్చునేవాడు నాలుగు రోజులు చెట్టూ చేమా చూడాలనుకోవడం తప్పెలా అవుతుంది? కానీ ఆ ప్లాను మాత్రం నన్ను వదల్లేదు. అందులో స్థలాలున్నాయి, టైములున్నాయి, తిండి ఉంది. మనిషి ఒక్కడూ లేడు. ఆ పూలు ఎవరు విత్తారో, ఆ ఆట ఎవరిదో, ఆ కొండ మీద టెంటు ఎవరి మెట్టలో వేశారో ఏ గడిలోనూ లేదు. మన ఊళ్ల మీద ఇన్ని ప్లాన్లు గీస్తున్నారు. గీసేవాళ్లలో మనం లేం. ఈ వ్యాసంలో నా గొడవంతా ఇదే.

ముందు రంగుల సంగతి చూద్దాం. చల్లటి దేశాల్లో శరత్కాలం వస్తే ఆకులు ఎర్రబడి, పసుపుబారి రాలతాయి. ఆ రంగులు చూడటానికి జనం సెలవులు పెట్టుకుని కొండలకు పోతారు. ఆ మోజు మన దగ్గరికీ వచ్చింది. మన కొండల్లో ఆకు రాలేది శరత్తులో కాదని మీకు చెప్పక్కర్లేదు. ఎండలు ముదరడం మొదలెట్టే రోజుల్లో అడవి ఆకు వదులుతుంది, మోదుగు ఎర్రగా పూస్తుంది, పుసుగు చెట్టు నెత్తురు రంగులో చిగురేస్తుంది. అప్పుడు చూడటానికి ఎవరూ రారు, ఎండ కదా. వాళ్లు వచ్చే దసరా నుంచి కార్తీకం దాకా అడవి పచ్చగానే ఉంటుంది. పసుపు రంగు కనిపించేది వలిసె చేలల్లో. అంటే వాళ్లు చూడ్డానికొచ్చే 'ప్రకృతి' మన పంట. మన ఆడవాళ్ల చాకిరీ.

వలిసె గురించి మన పిల్లలకే సరిగా తెలియడం లేదు గనక కాస్త చెబుతాను. వానలు తగ్గుముఖం పట్టాక గరువుల్లో, వాలు మెట్టల్లో చల్లుతాం. ఎరువూ మందూ పెద్దగా అడగదు. గింజ నుంచి నూనె తీస్తాం, మిగిలింది సంతలో అమ్ముతాం. మైదానంలో ఆ గింజ పంజరం పక్షులకు మేతగా పోతుంది, విదేశాలకూ వెళుతుంది. ఈ పంటకొక గుణం ఉంది. ఒక మొక్క పువ్వు తన పుప్పొడితో తాను సరిగా గింజ కట్టదు. తేనెటీగ వచ్చి ఇంకో మొక్క పుప్పొడి తేవాలి. చేను నిండా పూసి, ఈగలు జుమ్మంటున్న ఆ కొద్ది వారాలే రైతుకు గింజ వచ్చేదీ రానిదీ తేల్చే వారాలు. సరిగ్గా ఆ వారాల్లోనే చేలోకి కార్లు దిగుతాయి.

మా వదినకు రోడ్డు పక్కన అరెకరం వలిసె చేను ఉంది. రెండేళ్ల కిందట దాని మధ్యలోంచి ఒక దారి పడింది. ఎవరూ వేయలేదు, దానంతటదే పడింది. ఒకరు నడిచారు, వెనక పదిమంది నడిచారు. పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంట ఒకటి చేను నడుమ పడుకుని తీయించుకుంది. ఆ చోట నేల చాప పరిచినట్టు అణిగిపోయింది. మరుసటేడు వదిన తాడు కట్టి, అట్టముక్క మీద 'లోపలికి వస్తే 10 రూపాయలు' అని మా మేనల్లుడి చేత రాయించింది. ఆ అట్టముక్క చూసి ఒకావిడ పక్కనున్నవాళ్లతో అన్న మాట నేను నా చెవులతో విన్నాను: "గిరిజనులు కూడా డబ్బుకు అలవాటు పడిపోయారండీ."

ఆ 'కూడా' దగ్గర నా కడుపు మండింది. కొబ్బరితోటలోకి అడుగుపెడితే కోనసీమ రైతు ఊరుకుంటాడా? ద్రాక్షతోట గేటు దగ్గర టిక్కెట్టు కొంటే ఎవరైనా బాధపడతారా? మన చేను మాత్రం ఎవరిదీ కాని చేను. మన పువ్వు మాత్రం దానంతటదే పూసిన పువ్వు. అడవిలో ఉండేవాళ్లకు అన్నీ ఉచితంగా దొరుకుతాయనీ, వాళ్ల దగ్గర తీసుకునేవి కూడా ఉచితమేననీ ఒక నమ్మకం మైదానంలో పాతుకుపోయి ఉంది. పూల సీజను దాన్ని ఏటా కొత్తగా పూయిస్తుంది.

ఇక రైలు, గుహలు. కొత్తవలస నుంచి కిరండూల్‌కు పోయే లైను 1960లలో వేసింది మనకోసం కాదు. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి వేశారు. రాయి పోయే దారిలో మనుషులకూ ఒక ప్యాసింజరు ఇచ్చారు. 2017లో దానికి అద్దాల పెట్టె తగిలించారు. సీజనులో ఆ రైలెక్కి చూడండి. అద్దాల పెట్టెలో సీట్లు తిరుగుతాయి. జనరల్ పెట్టెలో అల్లం బస్తాలు, సంత గంపలు, చంటిపిల్లల తల్లులు, తలుపు దగ్గర వేలాడే మన కుర్రాళ్లు. రెండు పెట్టెలూ ఒకే సొరంగంలోంచి పోతాయి.

బొర్రా గుహల గురించి టూరిజం రాతల్లో ఒక వాక్యం పదే పదే కనిపిస్తుంది. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఈ గుహలను కనుగొన్నాడట. ఉపాధ్యాయ మిత్రులారా, ఈ వాక్యాన్ని ఒకసారి తరగతిలో పిల్లల ముందు పెట్టండి. ఆ సంస్థ పుట్టిందే 1851లో. పుట్టని శాఖలో ఉద్యోగి ఎలా ఉంటాడు? లెక్క ఇంత తేలిక. అయినా ఆ సంవత్సరం ఒకరి రాతలోంచి ఒకరి రాతలోకి ఎక్కుతూనే ఉంది, ఎవరూ ఆగి చూడరు. దాని పక్కనే మనవాళ్ల కథ కూడా ఉంటుంది. ఆవు పైకప్పు కంతలోంచి పడిపోవడం, కాపరి వెతుక్కుంటూ లోపలికి దిగడం, అక్కడ శివలింగం కనిపించడం. దాన్ని 'స్థానిక గాథ' అని వేరే పెట్టెలో పెడతారు. తేదీ తప్పయినా దొరది చరిత్ర. ఆవును వెతికినవాడిది కట్టుకథ. 'లోకల్ కల్చర్' గడిలోకి మనం ఎలా చేరామో ఈ రెండు పెట్టెలు చూస్తే అర్థమవుతుంది.

అదే బొర్రా నుంచి ఇంకో చరిత్ర కూడా బయటికొచ్చింది. అది ఏ ప్లానులోనూ ఉండదు. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో గనుల లీజులు గిరిజనేతరులకు ఇవ్వడం మీద సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. అక్కడ జరిగే వ్యాపారం నికర లాభంలో కనీసం 20 శాతం నీళ్లకూ బడులకూ ఆసుపత్రులకూ రోడ్లకూ పక్కన పెట్టాలని కూడా చెప్పింది. దేశమంతా చదివే తీర్పు అది. గుహలు చూసి దీపాల వెలుగులో సెల్ఫీ దిగి బయటికొచ్చే మన డిగ్రీ కుర్రాళ్లలో ఎంతమందికి తెలుసు? నేను అడిగి చూశాను. జవాబు ఇక్కడ రాయడానికి మనసొప్పడం లేదు.

ఇప్పుడు గంటన్నర ఆట దగ్గరికి వస్తాను.

థింసా అంటే ఒకటే ఆట అనుకుంటారు వచ్చినవాళ్లు. గ్రామదేవత పేరున పెద్దగా ఆడే బోడ థింసా వేరు. పులి నుంచి తప్పించుకునే బాగ్ థింసా వేరు. పొతర్ తోల థింసాలో అడుగు ఆకులు కోసే అడుగు, వంగుతారు, ఏరుతారు. ఆకుల రంగులు చూడాలని ఇంత దూరం వచ్చినవాడికి ఆకుల మీద ఒక ఆటే ఉందని చెప్పేవాళ్లు లేరు. మంట చుట్టూ చేతులు నడుముల మీద వేసి పావుగంట తిప్పుతారు, పర్యాటకులూ వచ్చి వరసలో దూరతారు, ఫొన్లు పైకి లేస్తాయి, అయిపోయింది. తుడుం, మోరి, కిరిడి వాయించాల్సినవాళ్లు ఇంట్లో ఉంటారు. స్పీకరులో పాట మోగుతుంది. మేళానికి ఇచ్చిన డబ్బు ముందు పిలుచుకొచ్చినాయన చేతిలో పడుతుంది, ఆడినవాళ్లకు అందేది చివర. పదకొండింటికి ఆ ఆడపిల్లలు ఏ బండి మీద ఇంటికి వెళ్లాలో ఎవరి ప్లానులోనూ రాసి ఉండదు. సోమవారం బడిలో నిద్రపోయే పిల్లను లేపి అడిగితే నాకు తెలిసింది ఇది.

మన ఆట ఎప్పుడాడతాం? చైత్రంలో, ఇటుకల పండగకు. పెళ్లిళ్లలో. మగవాళ్లు వేటకు పోతే ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బు అడుగుతారు, నవ్వులాటలు, తిట్లు, పాటలు. ఊరు మొత్తం తాగిన మత్తులోనో, తాగని మత్తులోనో ఉంటుంది. నిజంగా మన బతుకు చూడాలనుకునేవాడు అప్పుడు రావాలి. కానీ అప్పుడు ఎండ, పూలు ఉండవు, మేఘాలు ఉండవు. ఒకవేళ ఆ దారిన కారు వచ్చి కర్ర దగ్గర ఆగిందా, అద్దం దించకుండా హారను కొడతారు. 'దారి దోపిడీ' అన్న మాట కూడా విన్నాను. కార్తీకంలో డబ్బిచ్చి ఆడించుకుంటే సంస్కృతి. చైత్రంలో మనంతట మనం ఆడి పది రూపాయలడిగితే దోపిడీ.

ఇక్కడ మన తప్పు కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ రాతకు నిజాయితీ ఉండదు. బడికి అధికారి వస్తున్నాడంటే మనం ఏం చేస్తాం? ఆడపిల్లలకు పొట్టి చీరలు కట్టించి, భుజం మీద ముడి వేయించి, గేటు దగ్గర థింసాతో స్వాగతం చెప్పిస్తాం. లెక్కల పీరియడ్ పోతుంది. వచ్చినాయన రెండు నిమిషాలు చూసి, చప్పట్లు కొట్టి లోపలికి పోతాడు. నేనూ చేయించాను, ఒకసారి కాదు. మన ఆట వచ్చినవాడికి కట్టే తోరణమని పిల్లలకు మొదట నేర్పింది రిసార్టులు కాదు, మన బడులే. అదే చీర కట్టుకుని బస్సెక్కిన మా అమ్మమ్మను చూసి జనం నవ్వేవారు. ఇప్పుడు ఆ కట్టు అద్దెకు దొరుకుతోంది, ఊరినుంచి వచ్చిన అమ్మాయిలు కట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. అద్దెకిచ్చే మన అక్కచెల్లెళ్లను నేను ఒక్క మాట అనను. ఆ డబ్బుతో పొయ్యి వెలుగుతోంది. అమ్మమ్మ గుర్తొచ్చి కళ్లు తిప్పుకుంటాను, అంతే.

"టూరిజం వస్తే ఉపాధి వస్తుంది కదా మాస్టారూ" అని మన కుర్రాళ్లే నాతో వాదిస్తారు. వస్తుంది. జీపు తోలేవాడికి వచ్చింది, బొంగులో చికెన్ కాల్చేవాడికి వచ్చింది, వంజంగి దగ్గర టెంట్లు వేసేవాడికి వచ్చింది. నేను కాదనడం లేదు. కానీ జీపు ఎవరి పేరున ఉంది, టెంట్ల బుకింగు ఎవరి ఫోనుకు వస్తోంది, చేనులో గదులు కట్టింది ఎవరి డబ్బు అని ఒక మెట్టు పైకెక్కి అడిగితే చాలాచోట్ల మనవాడు కనిపించడు. మనవాడి పేరు కనిపిస్తుంది. పేరు మనది, పెత్తనం వేరేవాళ్లది.

తమ్ముళ్లూ, ఈ మాట మీకు సూటిగానే చెబుతున్నాను. ఎవరో మంచిగా మాట్లాడి, స్టాంపు కాగితం మీద పదేళ్లకు 'అగ్రిమెంటు' రాయించుకుని, నెలకింత ఇస్తానంటాడు. 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో సవరించిన చట్టాన్నే మనం 1/70 అంటాం. దాని కింద అమ్మకమొక్కటే బదిలీ కాదు. లీజూ బదిలీయే, తాకట్టూ బదిలీయే. ఏజెన్సీలో భూమి గిరిజనుడికో, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ బదిలీ కాదు. ఆ కాగితం చట్టం ముందు చెల్లదు. అది తెలిసే నీ పేరు అడుగుతున్నారు.

ఆ చట్టమే అడ్డమని వాళ్లకూ తెలుసు. 2025 మొదట్లో విశాఖలో జరిగిన టూరిజం సదస్సులో, ఏజెన్సీలో టూరిజం పెరగాలంటే 1/70ని సవరించాలన్న మాట పెద్ద పదవిలో ఉన్నాయన నోటే వచ్చింది. ఫిబ్రవరిలో మన్యం 48 గంటలు బంద్ పాటించింది. చట్టం జోలికి పోబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. మాట వెనక్కి పోయింది గానీ ఆలోచన పోయిందని నేను అనుకోను. ఉపాధ్యాయులకు ఈ అనుభవం ఉంది. ఏజెన్సీ టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసినరోజు వరకు, అది ఎప్పటికీ ఉంటుందనే కదా మనం నిశ్చింతగా ఉన్నది. ఈసారి గనుల పేరున రారు. మేఘాల పేరున, పూల పేరున, కార్తీక వనభోజనాల పేరున వస్తారు. పూలను చూసి భయపడాలని ఎవరికి తోస్తుంది?

మరి రావద్దందామా? నేను ఆ పక్షం కాదు. వచ్చేవాళ్లు వస్తారు. కొండ మీద గేటు వేసుకుని కూర్చునే కాలం పోయింది, మన పిల్లలూ విశాఖ బీచికి పోతున్నారు. నేననేది, ప్లాను గీసే పెన్సిలు మన చేతికి రావాలని. దానికి కొత్త చట్టం అడగక్కర్లేదు. 1996 నాటి పెసా చట్టం 4(డి) చదవండి. తమ ఆచారాలనూ, సాంస్కృతిక గుర్తింపునూ, ఉమ్మడి వనరులనూ కాపాడుకునే శక్తి గ్రామసభకుందని అక్కడ ఉంది. గెడ్డ ఉమ్మడి వనరు. వ్యూపాయింటు అని పేరు పెట్టిన మన కొండ ఉమ్మడి వనరు. థింసా మన గుర్తింపు. గ్రామసభ తీర్మానం రాయాలి, పుస్తకంలో ఎక్కాలి, కాపీ మండలాఫీసుకు పోవాలి. ఏ చేలల్లోకి అడుగు పెట్టొచ్చు, గట్టు మీద ఎక్కడిదాకా రావొచ్చు, ఈగలు తిరిగే పొద్దుటిపూట ఎవరూ దిగకూడదా, రుసుము ఎంత, అందులో రైతుకెంత ఊరికెంత. గెడ్డలో సీసా పగలగొడితే ఏం చేయాలి (మన కుర్రాళ్లు పగలగొట్టినా సరే, ఆ సీసాల్లో అన్నీ టూరిస్టులవి కావు). టెంట్లు వేస్తే సంఘం వేయాలి, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘం. చట్టం తెరిచి ఉంచిన తలుపు అదొక్కటే, అటు మనం నడవడం లేదు. బుకింగు ఫోను మన పిల్ల చేతిలో ఉండాలి. కంప్యూటరు డిప్లొమా చేసి ఖాళీగా ఉన్న పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఉపాధ్యాయులకు ఇంకో పని ఉంది. థింసాల పేర్లు, ఏది ఎప్పుడు ఆడతారు, ఏ అడుగుకు ఏ అర్థం, మోరి ఎవరికి వాయించడం వచ్చు, ఇవన్నీ పిల్లల చేత వాళ్ల అవ్వల దగ్గర రాయించాలి. కొర్రలకూ సామలకూ కొత్త పెట్టుకునేటప్పుడు ఏం చేస్తామో రాయించాలి. మా ఎనిమిదో తరగతిలో ఇది మొదలుపెట్టాను. మొదటి వారం అందరూ స్టేజీ మీద చూసిన మూడు ఆటలే రాసుకొచ్చారు. మూడో వారానికి ఒక పాప, వాళ్ల ముత్తవ్వ చెప్పిందని, నాకూ తెలియని ఒక అడుగు వేసి చూపించింది. పేరు మాత్రం ముత్తవ్వకు గుర్తు లేదట. ఇంకో ఊరి అవ్వను అడగమన్నాం.

ఈ ఏడు మా ఊళ్లో వలిసె చల్లకముందే గ్రామసభ పెట్టించాం. అనుకున్నంతమంది రాలేదు. చేలకు తాళ్లు, గట్ల మీద దారి, రుసుము, ఈ మూడూ తేలిపోయాయి. రాత్రి ఆట దగ్గర ఆగిపోయింది. తొమ్మిది దాటితే ఆడేది లేదని నేనన్నాను. మేళానికి పెద్దగా ఉండే అక్క లేచింది. "ఆ డబ్బుతోనే నా కొడుకు విశాఖలో చదువుతున్నాడు మాస్టారూ, తొమ్మిదింటికే ఆపితే పిలుస్తారా? ఆ ఫీజు మీరు కడతారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. పిలుచుకెళ్లేవాడిని మధ్యలోంచి తీసేసి మేళమే నేరుగా ధర మాట్లాడుకుంటే రెండు రాత్రుల డబ్బు ఒక సాయంత్రానికి వస్తుందేమో చూద్దామని ఎవరో అన్నారు. ఆ లెక్క వేసుకురమ్మని డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలకు అప్పజెప్పాం. వచ్చే సంత మర్నాడు మళ్లీ కూర్చుంటున్నాం.